సౌందర్య సాధనాలలో కృత్రిమ పాలిమర్లు: ఉపయోగాలు, భద్రత

షాంపూ, కండిషనర్, సన్‌స్క్రీన్, కాటుక, పెదవుల రంగు, గోళ్ల రంగు, హెయిర్ స్ప్రే వంటి సౌందర్య సాధనాలకు చిక్కదనాన్నో, జారుడునో, మెరుపునో, నీటికీ చెమటకూ చెదరని నిలకడనో ఇవ్వడానికి కర్మాగారాలలో రసాయన చర్యల ద్వారా తయారుచేసి వాడే పొడవైన గొలుసుల వంటి అణువులే ఈ వ్యాసంలో చెప్పే కృత్రిమ పాలిమర్లు. మోనోమర్లు అనే చిన్న అణువులు వందలు మొదలు లక్షల సంఖ్యలో ఒకదానికొకటి బంధాలతో ముడిపడగా ఒక్కొక్క పాలిమర్ అణువు ఏర్పడుతుంది. ఈ చర్యను పాలిమరీకరణం అంటారు. రబ్బరు, సెల్యులోజు వంటివి చిన్న అణువుల గుంపులు కావనీ, నిజంగానే అతి పొడవైన అణువులతో ఏర్పడినవనీ జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ 1920లో ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తలలో చాలామంది ఒప్పుకోలేదు. ఆ రంగంలో చేసిన కృషికే ఆయనకు 1953లో నోబెల్ బహుమతి లభించింది.

పాలిమర్లను ఒంటికీ తలకూ పట్టించడం మాత్రం ఈ సిద్ధాంతం కన్నా ఎంతో పాతది. తెలుగు ఇళ్లలో తలంటుకు మందారాకులు నలిపి తీసే జిగురు, పూర్వం వాడిన తుమ్మజిగురు, అవిసెగింజలు ఉడికించగా వచ్చే జిగట ద్రవం, ఇవన్నీ మొక్కలు తయారుచేసే పాలిసాకరైడ్లు, అంటే చక్కెర అణువుల గొలుసులు. వీటిని సహజ పాలిమర్లు అంటారు. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే బంకకు, లేదా సెల్యులోజుకు, కర్మాగారంలో కొత్త రసాయన గుంపులను అతికించి గుణం మార్చితే అవి అర్ధకృత్రిమ పాలిమర్లవుతాయి. చమురు, సహజవాయు పరిశ్రమల నుంచి వచ్చే మోనోమర్లతో గొలుసును మొదటి నుంచీ కట్టినవి పూర్తి కృత్రిమాలు. ఒక పాలిమర్ ఏ వర్గానికి చెందిందన్న దాన్ని బట్టి అది మంచిదో చెడ్డదో తేల్చడం తొందరపాటవుతుంది. పదార్థపు హానిని నిర్ణయించేది అది పుట్టిన చోటు కాదు, దాని అణువు పరిమాణం, అందులో మిగిలిపోయిన చిన్న అణువులు, వాడే తీరు, వాడిన తరువాత అది చేరే చోటు.

చర్మం దాటగలిగేవి, దాటలేనివి

చర్మంలో అన్నిటికన్నా పై పొర స్ట్రేటమ్ కార్నియం. మృతకణాలు, వాటి నడుమ నిండిన కొవ్వు పదార్థాలతో ఏర్పడిన ఈ పొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో వందోవంతు నుంచి యాభయ్యోవంతు వరకే ఉన్నా, బయటి పదార్థాలలో అత్యధిక భాగాన్ని అదే ఆపుతుంది. అణుభారాన్ని డాల్టన్లలో కొలుస్తారు. ఒక నీటి అణువు భారం సుమారు 18 డాల్టన్లు. సాధారణమైన చర్మాన్ని దాటి లోపలికి పోయే అణువులు, అలర్జీ కలిగించే అణువులు, పైపూత మందులుగా పనిచేసే అణువులు దాదాపు అన్నీ 500 డాల్టన్ల లోపువేనని నెదర్లాండ్స్ పరిశోధకులు బోస్, మైనార్డి 2000లో గమనించి చెప్పిన సూత్రాన్ని చర్మశాస్త్రంలో ఇప్పటికీ ఉదహరిస్తారు.

సౌందర్య సాధనాలలో వాడే పాలిమర్ల భారం వేలల్లో, లక్షల్లో, కొన్నిసార్లు కోట్లలో ఉంటుంది. పూర్తిగా ఏర్పడిన గొలుసు అందువల్ల చర్మం పైనే ఉండిపోయి, కడిగినప్పుడో చర్మపు పొట్టుతోనో రాలిపోతుంది. కానీ ఆ గొలుసును కట్టిన మోనోమర్ల సంగతి వేరు: అక్రిలమైడ్ భారం 71, గోళ్ల జెల్‌లో వాడే హెమా భారం 130, అతుకు జిగురులలో దొరికే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ భారం 150. ఇవన్నీ 500 గీతకు చాలా దిగువన ఉన్నాయి. ఈ రంగంలో తలెత్తిన ఆరోగ్య సమస్యలను పరిశీలిస్తే, చర్మానికి సంబంధించినంతవరకు దోషి పాలిమర్ కావడం అరుదనీ, పాలిమర్‌గా మారకుండా మిగిలిపోయిన చిన్న అణువే ఎక్కువసార్లు హాని చేసిందనీ తెలుస్తుంది.

ఈ సూత్రానికి హద్దు కూడా ఉంది. అది గాయాలు లేని చర్మానికే వర్తిస్తుంది. కాలిన గాయాలపై పాలీఎథిలీన్ గ్లైకాల్ ఆధారంగా చేసిన మందు పూతలు వాడినప్పుడు కొందరు రోగులకు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

కార్బోమర్, చిక్కదనపు రసాయనం

అద్దంలా తేటగా ఉండి, గొట్టం నొక్కితే కదలకుండా నిలిచే జెల్‌లు చాలావాటిలో కార్బోమర్ ఉంటుంది. ఇది అక్రిలిక్ ఆమ్లపు గొలుసులను అక్కడక్కడ అడ్డంగా ముడివేసి చేసిన పాలిమర్. 1950ల నుంచి వాడుకలో ఉంది. ముడిపదార్థంగా ఇది తెల్లగా, చిన్న గాలికే ఎగిరిపోయేంత తేలికగా ఉండే పొడి. దీన్ని ఒక్కసారిగా నీటిలో పోస్తే పైభాగం మాత్రం తడిసి లోపల పొడిగానే ఉండిపోయే ఉండలు కడుతుంది కాబట్టి, గిరగిర తిరుగుతున్న నీటి మీద జల్లించినట్టు కొద్దికొద్దిగా చల్లి చాలాసేపు నాననిస్తారు. అప్పటికి పాత్రలో ఉండేది కాస్త మబ్బుగా, పుల్లగా, పలుచగా ఉండే ద్రవం మాత్రమే. అందులో ట్రైఎథనాలమైన్ వంటి క్షారాన్ని చుక్కలు చుక్కలుగా కలిపితే, గొలుసు పొడవునా ఉన్న ఆమ్లపు గుంపులు రుణావేశం పొంది ఒకదానినొకటి నెట్టుకుంటాయి. ముడుచుకొని ఉన్న గొలుసులు విచ్చుకొని తమ చుట్టూ నీటిని పట్టేస్తాయి. చూస్తుండగానే ద్రవం తేటపడి జెల్ అవుతుంది. నూటికి అర పాలు పొడితోనే ఇంత మార్పు వస్తుంది.

ఉప్పు తగిలితే ఈ జెల్ కూలిపోతుంది, ఎందుకంటే ఉప్పులోని సోడియం అయాన్లు గొలుసుల మధ్య వికర్షణను కప్పివేస్తాయి. చర్మం మీది చెమటలో ఉప్పు ఉండడం వల్లే, సీసాలో గట్టిగా ఉన్న జెల్ అరచేతిలో రుద్దగానే నీరై పరుచుకుంటుంది. 2020లో కోవిడ్ వ్యాపించి చేతుల శానిటైజర్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగినప్పుడు ప్రపంచమంతటా కార్బోమర్‌కు కొరత ఏర్పడింది. చిక్కబరిచే పదార్థమేదీ అక్కరలేని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం, అంటే ఆల్కహాల్, గ్లిజరాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు కలిపిన పలుచని ద్రవం, ఆ రోజుల్లో చాలా చోట్ల అక్కరకు వచ్చింది.

కార్బోమర్ గొలుసు చర్మానికి హాని చేసినట్టు ఆధారాలు లేవు. దాన్ని తయారుచేసే పద్ధతిపైనే ఆక్షేపణ వచ్చింది. పాత రకాల కార్బోమర్లలో కొన్నింటిని బెంజీన్ అనే ద్రావణిలో పాలిమరీకరించేవారు. బెంజీన్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం, పైగా దాన్ని పొడి నుంచి పూర్తిగా తొలగించడం కష్టం. ఎథిల్ ఎసిటేట్, సైక్లోహెక్సేన్ మిశ్రమంలో తయారయ్యే రకాలు తరువాత వచ్చాయి. బెంజీన్‌తో తయారైన కార్బోమర్లున్న మందులను మార్చుకోవడానికి తయారీదారులు ఏ పరీక్షలు చేయాలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకే పేరుతో, ఒకే గుణంతో ఉన్న రెండు పొడులలో ఒకటి సురక్షితమై రెండవది కాకపోవచ్చునన్న సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

జుట్టు మీద పనిచేసే పాలిమర్లు

తలవెంట్రుక ఉపరితలం తడిలో రుణావేశంతో ఉంటుంది. ఎండకు, రంగులకు, బ్లీచింగ్‌కు దెబ్బతిన్న కొద్దీ ఆ ఆవేశం పెరుగుతుంది. అందుకే కండిషనర్లలో, షాంపూలలో ధనావేశం ఉన్న పాలిమర్లను వాడతారు. వాటి సామూహిక నామం పాలీక్వాటర్నియం. ఈ పేరు పక్కన వచ్చే 7, 10, 11 వంటి అంకెలు అవి నమోదైన వరుసను చెబుతాయి తప్ప వాటి మధ్య చుట్టరికాన్ని చెప్పవు: పాలీక్వాటర్నియం-10 సెల్యులోజు నుంచి చేసిన అర్ధకృత్రిమం కాగా, పాలీక్వాటర్నియం-7 అక్రిలమైడ్‌తో మరో మోనోమర్‌ను కలిపి కట్టిన పూర్తి కృత్రిమం. దెబ్బతిన్న చోట రుణావేశం ఎక్కువ కాబట్టి ఈ పాలిమర్ కూడా అక్కడే ఎక్కువగా అంటుకుంటుంది. జుట్టు చివర్లు చిక్కుపడకుండా చూసే గుణం ఇలా దానంతటదే అవసరమున్న చోటికి చేరుతుంది.

మురికిని కడిగే షాంపూయే జుట్టును మెత్తబరిచే పూతను ఎలా వదిలిపోతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. సీసాలో నురగనిచ్చే పదార్థం చాలా ఎక్కువగా ఉండడం వల్ల అది ధనావేశపు పాలిమర్‌ను చుట్టుముట్టి కరిగిన స్థితిలోనే ఉంచుతుంది. తల మీద నీళ్లు పోసుకున్న కొద్దీ నురగ పదార్థం పలుచనై, ఒక దశలో పాలిమర్‌తో కలిసి నీటిలో కరగని పలుచని జిగటగా విడిపడి వెంట్రుకలపై దిగుతుంది. పోతూ పోతూ షాంపూలోని సిలికోన్ బిందువులను కూడా తనతో అంటిస్తుంది. అంటే కడిగే పని ముగిసే క్షణంలోనే పూత పని మొదలవుతుంది. కండిషనర్ కూడా కలిసిన షాంపూలు 1980ల చివరి నుంచి విస్తరించడానికి ఈ సూత్రమే ఆధారం.

సిలికోన్లు వేరే వంశానికి చెందినవి. వీటి గొలుసు కర్బన పరమాణువులతో కాక, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే వెన్నెముకతో ఏర్పడుతుంది. డైమెథికోన్ వీటిలో ప్రధానమైనది. గొలుసు పొడవును మార్చితే నీటిలా పలుచగా ఉండే నూనె నుంచి సాగే బంక దాకా ఎన్నో రకాలు వస్తాయి. డైమెథికోన్ చర్మం మీద పల్చని పొరగా ఏర్పడి తేమను నిలిపి, ఒరిపిడి నుంచి కాపాడుతుంది కాబట్టి, అమెరికాలో దీన్ని 1 నుంచి 30 శాతం వరకు చర్మరక్షక ఔషధంగా కూడా గుర్తించారు. సిలికోన్లు జుట్టుకు ఊపిరాడనివ్వవన్న ప్రచారానికి ఆధారం లేదు. తల చర్మం వెలుపలికి వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలు లేవు, అది గాలి పీల్చదు. కరగని సిలికోన్లు పొరలు పొరలుగా పేరుకొని సన్నని జుట్టును అణిగిపోయినట్టు చేయడం మాత్రం నిజమే. గట్టిగా కడిగే షాంపూతో ఒకటి రెండుసార్లు తలంటుకుంటే అది పోతుంది.

జుట్టును ఒక ఆకారంలో నిలిపే పాలిమర్లలో మొదటిదిగా పేరు తెచ్చుకున్నది పాలీవినైల్ పైరోలిడోన్, అంటే పీవీపీ. జర్మనీలో వాల్టర్ రెప్పే 1930లలో రూపొందించిన ఈ పదార్థాన్ని రెండవ ప్రపంచ యుద్ధంలో రక్తం కోల్పోయిన సైనికులకు ప్లాస్మాకు బదులుగా ఎక్కించారు. 1950లలో అది హెయిర్ స్ప్రేలలోకి వచ్చింది. గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడి జిగటగా మారడం దీని లోపం. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల ఉక్కపోతలో పీవీపీ మాత్రమే ఉన్న జెల్ ఎందుకు నిలవదో దీనివల్ల అర్థమవుతుంది. తేమకు లొంగని వినైల్ ఎసిటేట్‌ను పీవీపీ మోనోమర్‌తో కలిపి గొలుసు కట్టి ఈ లోపాన్ని తగ్గించారు. ఇలా రెండు రకాల మోనోమర్లతో కట్టిన గొలుసును కోపాలిమర్ అంటారు. ఆ తరువాత వచ్చిన అక్రిలేట్ కోపాలిమర్లు పొడి గాలిలోనూ తడి గాలిలోనూ బిగువుగా ఉండి, షాంపూ తగలగానే కరిగిపోయేలా రూపొందాయి.

పూతలు, పొడులు

చెరగని కాటుక, ముద్దు పెట్టినా అంటని పెదవుల రంగు, ఈత కొట్టినా పోని సన్‌స్క్రీన్, ఈ మూడింటి వెనుకా ఉన్నది పొరకట్టే పాలిమర్లే. త్వరగా ఆవిరయ్యే నూనెలో సిలికోన్ రెసిన్‌ను, రంగును కలిపి పూస్తే, నూనె ఎగిరిపోయి రెసిన్ పొర మిగిలి రంగును పట్టి ఉంచుతుంది. సన్‌స్క్రీన్‌లో పాలిమర్ చేసే మేలు రెండు విధాలు: అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు చర్మపు గీతల్లోకి జారిపోకుండా సమంగా పరిచి ఉంచుతుంది, కొన్ని రకాలలో బోలుగా ఉండే స్టైరీన్, అక్రిలేట్ల సూక్ష్మ గోళాలు కాంతిని చెదరగొట్టి, తక్కువ రసాయనంతోనే ఎక్కువ రక్షణ వచ్చేలా చేస్తాయి. ముఖంపై పూసి ఆరాక ఒకే పొరగా లాగేసే మాస్కులలో పాలీవినైల్ ఆల్కహాల్ ఉంటుంది. ఫేస్ పౌడర్ పట్టులా జారడానికి, ముడుతలు తక్కువగా కనబడడానికి నైలాన్-12, పీఎంఎంఏ అనే పాలిమర్ల సన్నని గోళాలు కలుపుతారు.

గొలుసులో కలవక మిగిలేవి

ఏ పాలిమరీకరణమూ నూటికి నూరు పాళ్లు ముగియదు. మిగిలిన మోనోమర్‌ను వీలైనంత తొలగించడమే తయారీలోని అసలు నైపుణ్యం. పాలీఅక్రిలమైడ్ నిరపాయకరమైన చిక్కబరిచే పదార్థం. దాని మోనోమర్ అక్రిలమైడ్ మాత్రం నాడులకు విషం, మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న పదార్థంగా వర్గీకరించినది. ఐరోపా సమాఖ్య అందుకే ఒంటికి రాసుకొని అలాగే వదిలేసే ఉత్పత్తులలో కిలోకు 0.1 మిల్లీగ్రాము, మిగిలిన సౌందర్య సాధనాలలో కిలోకు 0.5 మిల్లీగ్రాము మించి అవశేష అక్రిలమైడ్ ఉండరాదని నిబంధన పెట్టింది.

పాలీఎథిలీన్ గ్లైకాల్ కుటుంబంలో, లేబుళ్ల మీద పెగ్ అని కనిపించే పదార్థాలలో, సమస్య మరో రూపంలో వస్తుంది. ఎథిలీన్ ఆక్సైడ్‌తో వీటిని తయారుచేసేటప్పుడు 1,4-డయాక్సేన్ అనే ఉపపదార్థం పుడుతుంది. షాంపూలలో నురగనిచ్చే ఎథాక్సిలేటెడ్ పదార్థాలలోనూ ఇది ఉండవచ్చు. నిర్వాత స్థితిలో ఆవిరితో తోడివేసి దీన్ని బాగా తగ్గించవచ్చు, కాబట్టి ఎక్కువ మోతాదులో మిగిలి ఉందంటే అది తయారీదారు శ్రద్ధ లోపమే తప్ప తప్పనిసరి పరిణామం కాదు. సౌందర్య సాధనాలలో ఇది పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకుంటే సురక్షితమని ఐరోపా శాస్త్రీయ సంఘం 2015లో అభిప్రాయపడింది. తాగునీటి కాలుష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న న్యూయార్క్ రాష్ట్రం, ఒంటి శుభ్రతకు వాడే ఉత్పత్తులకు 2023 చివరి నాటికి 1 పాలు అనే కఠినమైన హద్దును విధించింది.

మోనోమర్‌కూ పాలిమర్‌కూ ఉన్న తేడాను చరిత్రలో అన్నిటికన్నా గట్టిగా చూపినది వినైల్ క్లోరైడ్. పాలిమర్‌గా మారితే అది గొట్టాలు, తలుపులు చేసే పీవీసీ. మోనోమర్‌గా ఉంటే కాలేయ క్యాన్సర్ కలిగించే వాయువు. ఆ వాయువునే ఒకప్పుడు హెయిర్ స్ప్రే డబ్బాలలో ద్రవాన్ని బయటికి చిమ్మే పీడన వాయువుగా నింపారు. ప్రమాదం బయటపడ్డాక 1974లో అమెరికా ఆ వాడకాన్ని నిషేధించింది.

బొట్టుబిళ్ల కింది తెల్లమచ్చ

భారతీయ స్త్రీలకు దగ్గరి ఉదాహరణ స్టిక్కర్ బొట్టు. దాని వెనుక పూసే జిగురులలో కొన్నింటిలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన రెసిన్ ఉంటుంది. ఈ రెసిన్‌లో చర్యకు లోనుకాక మిగిలిన ఫినాల్ చర్మంలోకి దిగి, చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను దెబ్బతీస్తుంది. దాని నిర్మాణం, ఆ కణాలు మెలనిన్ తయారీకి వాడే టైరోసిన్ నిర్మాణాన్ని పోలి ఉండడం వల్ల కణంలోని ఎంజైములు దాన్నే పట్టుకొని మార్చబోయి విషపూరిత పదార్థాలను పుట్టిస్తాయి. ఫలితంగా నుదుట సరిగ్గా బొట్టు పెట్టుకొనే చోట, చాలాసార్లు ముందు దురద, నలుపు వచ్చి, తరువాత తెల్లమచ్చ ఏర్పడుతుంది. భారతీయ చర్మవైద్యులు దశాబ్దాలుగా దీన్ని రసాయనిక తెల్లమచ్చగా నమోదు చేస్తూ వస్తున్నారు; రబ్బరు చెప్పుల పట్టీల కింద వచ్చే మచ్చలకూ ఇటువంటి కారణాలే ఉన్నాయి.

ఇది బొల్లి కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు. అయినా బొల్లిగా భావించి దాచుకోవడానికి మరింత పెద్ద బొట్టుబిళ్లను అదే చోట అంటించుకొనే వారుంటారు, దానితో హాని పెరుగుతుంది. మచ్చ మొదలైన తొలిదశలోనే వాడకం ఆపి చర్మవైద్యులను కలిస్తే రంగు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మచ్చ శాశ్వతంగా నిలిచిపోవచ్చు, బిళ్ల తగలని చోట్లకూ పాకవచ్చు. ఇంటి అవసరాలకూ సామాన్య వస్తువులకూ పనికొచ్చే జిగురును చర్మానికి రోజూ గంటల తరబడి అంటి ఉండే వస్తువుకు వాడడం సమర్థనీయం కాదు, ముఖ్యంగా చర్మానికి పనికొచ్చే అక్రిలేట్ జిగురులు వైద్య పట్టీలలో ఎంతో కాలంగా వాడుకలో ఉన్నప్పుడు.

గోళ్ల మీద జరిగే పాలిమరీకరణం

మామూలు గోళ్ల రంగులో పాలిమర్ ముందే తయారై ఉంటుంది. ద్రావణి ఆరిపోగానే నైట్రోసెల్యులోజు పొర మిగులుతుంది. దానికి మెరుపునిచ్చే టోసిలమైడ్, ఫార్మాల్డిహైడ్ రెసిన్ అలర్జీ కలిగించినప్పుడు దద్దురు వేళ్ల మీద కన్నా కనురెప్పల మీద, మెడ మీద ఎక్కువగా కనిపించడం విచిత్రంగా తోచినా, తడి రంగుతో తెలియకుండా ముఖాన్ని తాకే అలవాటే దానికి కారణం.

హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలలోనూ ఇప్పుడు కనిపించే జెల్ నెయిల్స్‌లో పద్ధతి తలకిందులైంది. ఇక్కడ సీసాలో ఉండేది మోనోమర్లు, చిన్న గొలుసులు; గోరు మీద పూసి అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు అక్కడికక్కడే పాలిమరీకరణం జరుగుతుంది. అంటే కర్మాగారంలో, నిపుణుల పర్యవేక్షణలో ముగియవలసిన చర్య వాడేవారి వేలి కొనపై జరుగుతుంది. దీపం సరిపోకపోయినా, పూత మందమైనా, వెలుగు చూపే సమయం తగ్గినా చర్య సగంలో ఆగిపోయి హెమా వంటి మెథాక్రిలేట్లు మిగిలిపోతాయి. గోరు చుట్టూ చర్మానికి అంటిన జెల్ పరిస్థితీ అంతే. దీనివల్ల వచ్చే అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి పూరకాలలో, ఎముకల శస్త్రచికిత్సలో వాడే సిమెంటులో, మధుమేహ రోగులు ఒంటికి అంటించుకొనే గ్లూకోజు సెన్సార్ల జిగురులో ఇవే కుటుంబపు పదార్థాలు ఉండడం వల్ల, అలంకరణ కోసం తెచ్చుకున్న అలర్జీ తరువాత వైద్యానికి అడ్డు రావచ్చు.

ఐరోపా సమాఖ్య 2021 నుంచి హెమా, దాని సన్నిహిత పదార్థం ఒకటి ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తి నిపుణులు మాత్రమే వాడాలని నియమించింది; చర్యను మొదలుపెట్టే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా నిషేధించింది. ఇళ్లలో వాడే కిట్లు చౌకగా అమ్ముడవుతున్న దేశాలలో ఇటువంటి హద్దులు మరింత అవసరం. పార్లర్లలో పనిచేసే వారి స్థితి ఇంకా సున్నితమైనది: రోజుకు ఎందరికో జెల్ పూసి, పాతదాన్ని అరగదీసి ఆ పొడి మధ్యే కూర్చునే పనివారికి పలుచని రబ్బరు గ్లౌజులు చాలవు, మోనోమర్లు కొద్ది నిమిషాలలోనే వాటిని దాటిపోతాయి.

పీల్చే గాలిలో

చర్మం ఆపే పాలిమర్‌ను ఊపిరితిత్తులు ఆపలేవు. 10 మైక్రోమీటర్ల కన్నా చిన్న బిందువులు శ్వాసనాళాల లోతుకు చేరగలవు; అక్కడ కరగని గొలుసులను తొలగించే దారి శరీరానికి తక్కువ. హెయిర్ స్ప్రేలు ఎక్కువగా వాడిన కొందరి ఊపిరితిత్తులలో పాలిమర్ పేరుకుపోయిందంటూ 1958లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన నివేదిక పెద్ద కలకలం రేపింది. తరువాతి అధ్యయనాలు ఆ కార్యకారణ సంబంధాన్ని గట్టిగా బలపరచలేదు. అయినా స్ప్రేలలో బిందువుల పరిమాణాన్ని కొలవడం అప్పటి నుంచి భద్రతా పరీక్షలో భాగమైంది. క్రీములో నిశ్చింతగా వాడదగిన పదార్థం స్ప్రేలోకి వచ్చేసరికి వేరే పరీక్ష దాటాలి. వదులు పౌడర్లకూ ఇదే వర్తిస్తుంది.

కడిగిన నీటి వెంట

ముఖం రుద్దుకొనే స్క్రబ్‌లలో కలిపిన పాలీఎథిలీన్ పూసలు, అంటే మైక్రోబీడ్‌లు, ఒక్క నిమిషం ముఖం మీద ఉండి తరువాత ఎన్నేళ్లకూ చెడకుండా కాలువలలో, సముద్రంలో మిగిలిపోతాయి. సున్నిపిండి, పంచదార, ఉప్పు, గింజల పొడి చేయగలిగిన పనికి ప్లాస్టిక్ పూసలు వాడడాన్ని సమర్థించడం కష్టం. అమెరికా 2015 డిసెంబరులో చట్టం చేసి, కడిగివేసే ఉత్పత్తులలో వీటి తయారీని 2017 జూలై నుంచి ఆపింది. బ్రిటన్ 2018లో నిషేధించింది.

ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన నిబంధన ఇంకా విస్తృతమైనది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన, ఘనస్థితిలో ఉన్న కృత్రిమ పాలిమర్ రేణువులన్నింటినీ అది మైక్రోప్లాస్టిక్‌లుగా లెక్కిస్తుంది. పూసలు, వదులు మెరుపు పొడి వెంటనే దాని పరిధిలోకి వచ్చాయి. కడిగివేసే ఇతర ఉత్పత్తులకు 2027 వరకు, ఒంటిపై వదిలేసే వాటికి 2029 వరకు, పెదవుల రంగులు, గోళ్ల రంగులు, మేకప్‌కు 2035 వరకు గడువు ఇచ్చారు. ఈ చివరి వర్గం 2031 నుంచి తమలో మైక్రోప్లాస్టిక్ ఉందని పెట్టె మీద ప్రకటించాలి. సహజంగా విచ్ఛిన్నమయ్యేవి, నీటిలో లీటరుకు 2 గ్రాముల కన్నా ఎక్కువగా కరిగేవి ఈ నిర్వచనంలోకి రావు. కరిగే పాలిమర్లు, ద్రవరూప సిలికోన్లు ఆ విధంగా బయట మిగిలాయి. కంటికి రేణువుగా కనిపించనంత మాత్రాన అవి ప్రకృతిలో చెడిపోయాయని అర్థం కాదు. నీటిలో కరిగిన పాలిమర్‌ను వెదికి పట్టడం రేణువును పట్టడం కన్నా కష్టం కాబట్టే వాటి గురించిన సమాచారం వెనుకబడింది.

సిలికోన్ల తయారీలో వాడే వలయాకార అణువులు డీ4, డీ5, డీ6 పాలిమర్లు కాకపోయినా ఇక్కడే చెప్పుకోవాలి. చిన్నవి, త్వరగా ఆవిరయ్యేవి కావడం వల్ల క్రీములకు, జుట్టు సీరమ్‌లకు పట్టులాంటి స్పర్శనిస్తాయి. ప్రకృతిలో చాలాకాలం నిలిచి జీవుల శరీరాలలో పేరుకుంటాయి. డీ4కు సంతానోత్పత్తి శక్తిని తగ్గించే గుణం ఉందని కూడా అనుమానిస్తున్నారు. కడిగివేసే ఉత్పత్తులలో డీ4, డీ5లను 0.1 శాతానికి ఐరోపా 2020లో పరిమితం చేసింది. 2024లో చేసిన సవరణ ఆ హద్దును డీ6కు, గడువు ఇచ్చి ఒంటిపై వదిలేసే ఉత్పత్తులకు కూడా విస్తరించింది. టెఫ్లాన్ వంటి ఫ్లోరిన్ పాలిమర్లు, వాటి బంధువులు ఉన్న సౌందర్య సాధనాలను కాలిఫోర్నియా 2025 నుంచి, ఫ్రాన్స్ 2026 నుంచి నిషేధించాయి.

నియంత్రణ, లేబుల్

ఐరోపా రసాయనాల చట్టం రీచ్ కింద మోనోమర్లను నమోదు చేయాలి కానీ పాలిమర్లకు ఆ నమోదు నుంచి మినహాయింపు ఉంది. పెద్ద అణువు శరీరంలోకి పోదన్న తర్కమే దీనికి మూలం. పర్యావరణం విషయంలో ఆ తర్కం నిలవదన్న విమర్శ బలపడుతోంది. అమెరికాలో పదార్థాల భద్రతను సమీక్షించే ప్రధాన నిపుణుల మండలి 1976లో ఏర్పడింది. అది పరిశ్రమ నిధులతో నడుస్తుందన్న సంగతిని దాని నివేదికలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి, అయితే అవి బహిరంగంగా అందుబాటులో ఉండడం మేలు.

భారతదేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందికి, 2020లో విడిగా వచ్చిన సౌందర్య సాధనాల నియమాల కిందికి వస్తాయి. దిగుమతుల నమోదు కేంద్ర సంస్థ చేతిలో, తయారీ లైసెన్సులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖల చేతిలో ఉంటాయి. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని దేశం 2014లో నిషేధించింది. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 4707లోని రెండవ భాగం వాడరాని, హద్దులతో వాడవలసిన పదార్థాల జాబితాలను ఇస్తుంది.

పెట్టె మీది పదార్థాల జాబితాలో పాలీ అని మొదలయ్యేవి, కోపాలిమర్, క్రాస్‌పాలిమర్, మెథికోన్ అని ముగిసేవి, కార్బోమర్, పెగ్ అనేవి పాలిమర్లు లేదా వాటి దగ్గరి బంధువులు. ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాస్తారు, ఆ తరువాతివి ఏ క్రమంలోనైనా ఉండవచ్చు. చిక్కబరిచే పాలిమర్లు సాధారణంగా ఈ రెండవ భాగంలో కనిపిస్తాయి. ఏ ద్రావణిలో తయారైందన్నదీ, ఎంత మోనోమర్ మిగిలిందన్నదీ మాత్రం ఆ జాబితాలో ఉండవు. అవి ముడిపదార్థం అమ్మిన సంస్థ తయారీదారుకు ఇచ్చే విశ్లేషణ పత్రంలో ఉంటాయి, ఆ పత్రాన్ని అడిగి చూసే అధికారం ఔషధ తనిఖీ అధికారికి ఉంటుంది తప్ప కొనే మనిషికి లేదు.